ఇంట పని – లెక్కకెక్కని పద్దులు

వరంగల్లు నుంచి ఖమ్మానికి పోయే రహదారి మీద తొర్రూరు ఒక ముఖ్యమైన మజిలీ. 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోను, అటుపిమ్మట మహబూబాబాదు జిల్లాలోను ఉన్న ఈ ఊరు 2018లో పురపాలక సంఘమైనది. చుట్టుపట్ల పల్లెల వారికి ఇది అంగడి. చదువు ముగించిన యువజనులకు మాత్రం పట్నం పోయే బస్సెక్కే చోటు. ఉద్యోగమంటే హైదరాబాదు అన్న భావం ఈ ప్రాంతంలో చాలాకాలంగా స్థిరపడి ఉన్నది. అటువంటిది, 2020 మార్చి చివరి వారంలో దేశమంతటా రాకపోకలు నిలిచిపోయిన తరువాత, మనిషి పనిని వెదుక్కుంటూ పోవడం మాని, పనియే మనిషి ఇంటికి రావడం మొదలైనది. మాదాపూరు మేడలలో జరగవలసిన పని పల్లెటూరి పెంకుటింటి వసారాలో జరిగినది.

ఇది మునుపెన్నడూ ఎరుగని వింతగా అప్పట్లో చాలామందికి తోచినది. ఇంట కూర్చుండి చేసే పని వల్ల ఉత్పత్తి పెరుగుతుందా, తరుగుతుందా? దేశానికి లాభమా, నష్టమా? అన్న చర్చ ఆనాడు మొదలై ఈనాటికీ తెగలేదు. కాని మన ప్రాంతపు చరిత్రను కొంచెం వెనుకకు తిరిగి చూచినట్లయితే, ఇల్లే పనిచోటుగా ఉండడం మనకు కొత్త కాదనీ, ఇల్లు విడిచి పనికి పోవడమే కొత్త అనీ స్పష్టమవుతుంది. ఆ పాత అనుభవం ఈ కొత్త ప్రశ్నకు ఏమైనా సమాధానం చెప్పగలదా అన్నది మనము ఇక్కడ విచారించదలచిన విషయం.

కాకతీయుల కాలంతో ఆరంభింతము. 1244లో గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించినాడు. ఓడలపై వచ్చే పరదేశి వర్తకుల సరకుకు రాజు రక్షణ ఇస్తాడనీ, నిర్ణయమైన సుంకం తప్ప మరేదీ పుచ్చుకోడనీ దాని సారాంశం. ఆ శతాబ్దం చివరి దశకంలో ఈ తీరం మీదుగా పోయిన వెనీసు నగర యాత్రికుడు మార్కోపోలో, ఒక రాణి పాలించిన ఈ రాజ్యంలో నేసే సన్నని బట్టలను సాలెగూటితో పోల్చి మెచ్చుకొన్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. మనము గమనింపవలసిన సంగతి ఒకటున్నది. సముద్రాలు దాటిపోయిన ఆ వస్త్రం ఏ కర్మాగారంలోను తయారైనది కాదు. నేలలో గుంట తవ్వి అమర్చిన మగ్గం, దాని పక్కనే వంటపొయ్యి, మరొక పక్క పసిబిడ్డ ఉయ్యాల ఉన్న ఇంటిలో తయారైనది. ఇల్లు ఒకచోట, బజారు వేయి ఆమడల దూరాన. వాటి నడుమ వర్తకుడు, రేవు, సుంకం, శాసనం. దూరాన ఉన్నవారి కోసం ఇంట కూర్చుండి పని చేయడమన్నది మన సాలెవాడలకు ఏడు వందల ఏండ్లకు పైబడిన విద్య.

ఈ విద్య కాకతీయులతో అంతరించలేదు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనంలో ఓరుగల్లు తివాచీలు చోటు సంపాదించినవి. వరంగల్లు కొత్తవాడలో నేసే నూలు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి పనివారు, తొర్రూరుకు పొరుగున ఉన్న కొడకండ్ల నేతగాండ్రు – వీరందరి ఇండ్లలోను బ్రతుకుకూ పనికీ నడుమ గోడ లేదు.

మరి ఆ ఇంటి పనిలో ఎంతమంది చేతులుండేవి? బట్ట నేసిన వాడు ఒక్కడే అని వర్తకుని ఖాతాలో వ్రాయబడేది. కాని భార్య కండెలు చుట్టేది. ముసలి తల్లి చిక్కు తీసేది. పిల్లలు అచ్చు పోతలో దారమందించేవారు. పడుగు సరిచేసేటప్పుడు వాడ వాడంతా వీధిలోకి వచ్చి చేయి వేసేది. కూలి మాత్రం చీరకింత అని ఒకరికే. మగ్గం పెట్టిన గదికి అద్దె లేదు, దీపానికి చమురు ఖర్చు వేరుగా లేదు, కొడుకుకు పని నేర్పిన తండ్రికి జీతం లేదు. నూలు అప్పుగా ఇచ్చి చీర తీసుకొనే షావుకారుకు ఆ పనితనం చవకగా కనిపించడంలో ఆశ్చర్యమేమున్నది? ఖర్చులో సగం అతని లెక్కకు రానే రాలేదు. ఇంటి పని ఉత్పాదకత గురించి మాట్లాడేటప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదేనని మా ఉద్దేశం: లెక్కకెక్కని పద్దులు ఎన్ని, వాటిని ఎవరు మోస్తున్నారు?

పని ఇల్లు విడిచిన కథ ఇంగ్లాండులో మొదలైనది. 1771లో రిచర్డు ఆర్క్‌రైటు క్రామ్ఫర్డు అనే చోట నీటి బలంతో నడిచే నూలు మిల్లు పెట్టినాడు. యంత్రాన్ని ఇంటింటికీ పంచడం సాధ్యం కాదు గనుక మనుషులను యంత్రం దగ్గరికి చేర్చవలసి వచ్చినది. గంట కొట్టగానే రావడం, గంట కొట్టగానే పోవడం అన్న అలవాటు అక్కడ పుట్టినది. అది మన ప్రాంతానికి చేరడానికి నూటయరవై ఏండ్లు పట్టినది. 1934లో నిజాము ప్రభుత్వ కాలంలో వరంగల్లులో ఆజంజాహి మిల్లు స్థాపితమైనది. ఏడవ నిజాము పెద్ద కుమారుని పేరు దానికి పెట్టినారు. మిల్లు కూత వరంగల్లు పట్టణానికి గడియారమైనది. పల్లెల నుంచి వచ్చినవారికి అది నెల జీతం, పనిగంటల పరిమితి, కార్మిక సంఘం, పండుగ బోనసు అన్న కొత్త మాటలు నేర్పినది. ఇంటి మగ్గంలో దాగి ఉన్న పద్దులు మిల్లులో మొదటిసారి కాగితం మీదికి వచ్చినవి. దీపం ఖర్చు యజమానిది; యంత్రం యజమానిది; పని నేర్చుకొనే కాలానికి సైతం ఎంతో కొంత కూలి ఉన్నది.

అయితే మిల్లు కూడా శాశ్వతం కాలేదు. నష్టాల పాలై, 2002లో ఆజంజాహి మిల్లు మూతపడినది. ఇటు చేనేతకు గిరాకీ తగ్గి, అటు మిల్లు లేక, ఓరుగల్లు ప్రాంతపు నేత కుటుంబాలు ఎన్నో సూరతుకు, భివండికి, షోలాపూరుకు వలసపోయి మరమగ్గాల కొట్టాలలో పనిచేసినవి. అట్లా పోయినవారిని వెనుకకు రప్పించాలన్న ఆశతో 2017 అక్టోబరులో వరంగల్లు సమీపంలో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగినది. పని ఎక్కడ చేరితే మనిషి అక్కడికి పోవలసిందే అన్న సూత్రానికి ఈ వలస కంటె ఉదాహరణ అక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం మరువరాదు. ఇంటి పని అంతా మిల్లు చేత ఓడిపోలేదు; కొన్ని పరిశ్రమలు కావాలనే ఇంటిని ఎన్నుకొన్నవి. బీడీ పరిశ్రమ అటువంటిది. ఏటూరునాగారం, భూపాలపల్లి అడవులలో వేసవి కాలంలో సేకరించే తునికాకు ఉత్తర తెలంగాణ పల్లెల ఇండ్లకు చేరుతుంది. ఆకు, పొగాకు, దారం కాంట్రాక్టరు ఇస్తాడు. బీడీలు చుట్టేది ఆడవారు. కూలి వేయి బీడీలకింత. బాగా లేవన్న పేరుతో కొన్నిటిని పక్కకు తీసివేస్తే ఆ నష్టం చుట్టినవారిదే. ఫ్యాక్టరీ పెడితే ఫ్యాక్టరీ చట్టం వర్తించేది. ఇంటికి పంపితే ఆ చట్టం వర్తించేది కాదు. ఇంటిని ఎన్నుకోవడంలోని రహస్యం ఇదే.

ఈ రహస్యాన్ని మొదట గట్టిగా పట్టుకొన్నది 1966లో పార్లమెంటు చేసిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం. ఇంటిలో కూర్చుండి చుట్టే ఆమె కూడా కార్మికురాలే అని అది గుర్తించినది. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసి, ఇంట పనిచేసే బీడీ కార్మికులకు సైతం భవిష్యనిధి హక్కు ఉన్నదని తీర్పు చెప్పినది. యజమాని కంటి ముందు పనిచేయనంత మాత్రాన ఉద్యోగి కాకపోడు. చేసిన సరుకును ఒప్పుకొనే, తిరస్కరించే అధికారం యజమానికి ఉన్నప్పుడు అదుపు కూడా ఉన్నట్లే అన్నది ఆ తీర్పులోని తర్కం. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారి కోసం 177వ ఒడంబడికను ఆమోదించినది. మన దేశం దానిని ఇంకా ధ్రువీకరించలేదు. 1966 చట్టం 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో కలిసిపోయినది. చట్టం రూపు మారినా, కన్నుకు కనిపించని కార్మికుని లెక్కలోనికి తేవడమన్న ఆ ఆలోచన మాత్రం ఈనాటి కంప్యూటరు ఉద్యోగికి కూడా అవసరమైనదే.

చట్టం ఒక దారి అయితే, పనిముట్టు మరొక దారి. ఇందుకు నిదర్శనం జనగామకు దగ్గరలోనే ఉన్న ఆలేరు మండలం శారాజిపేటలో దొరుకుతుంది. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు, అద్దకం కోసం దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న కొయ్యల చుట్టూ పోయాలి. దీనినే ఆసు పోయడమంటారు. ఒక చీరకు చేయి ఇటునుంచి అటు సుమారు 9,000 మార్లు తిరగాలి. నాలుగైదు గంటల పని. ఇది ఇంటి స్త్రీల వంతు. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూచి, చింతకింది మల్లేశం 1999 నాటికి ఆ పని చేసే యంత్రాన్ని రూపొందించి, దానికి తల్లి పేరే పెట్టినారు. చీరకు గంటన్నర చాలినది. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించినది. ఇంట చేసే పని ఇంటనే ఉండి, దాని ఉత్పాదకత ఇన్ని రెట్లు పెరగడం ఎట్లా సాధ్యమైనది? అంతవరకు లెక్కకు రాని తల్లి చేతి శ్రమను ఒకరు లెక్కించి చూచినారు గనుక. తొమ్మిది వేలు అన్న ఆ అంకె లెక్కించిన రోజుననే యంత్రానికి పునాది పడినదని చెప్పవచ్చును.

ఇక కంప్యూటరు యుగం. 1973లో అమెరికాలో జాక్ నిలెస్ అనే శాస్త్రజ్ఞుడు, ఉద్యోగి కార్యాలయానికి పోయే బదులు తంతి మార్గాన పనిని ఉద్యోగి దగ్గరికి పంపవచ్చునని ప్రతిపాదించినాడు. ఆనాటి పెట్రోలు కరువు ఆ ఊహకు బలమిచ్చినది. మన హైదరాబాదులో దారి మరొక విధంగా సాగినది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించినారు. అమెరికాలోని పనిని హైదరాబాదులో కూర్చుండి చేయడమే ఆ పరిశ్రమ ప్రాణం. పని సముద్రాలు దాటి రాగలిగినది కాని, మాదాపూరు నుంచి తొర్రూరు దాకా ఉన్న నూటయాభై కిలోమీటర్ల దూరం దాటి రాలేకపోయినది. మార్గం లేక కాదు, అవసరం కలగక. పైగా, ఇంటి నుంచి సేవలందించే సంస్థలు పూచీ సొమ్ము కట్టవలెనని టెలికాం శాఖ నిబంధనలు కూడా ఉండేవి. 2020 మార్చిలో అవి సడలినవి. అదే సంవత్సరం నవంబరులో చాలావరకు తొలగిపోయినవి.

ఆ తరువాత జరిగినదేమి? తెలంగాణ ప్రభుత్వపు లెక్కల ప్రకారం 2019-20లో రాష్ట్రం నుంచి ఐ.టి. ఎగుమతుల విలువ 1,28,807 కోట్ల రూపాయలు. కార్యాలయాలు తాళం వేసి ఉన్న 2020-21లో అది 1,45,522 కోట్లకు, 2021-22లో 1,83,569 కోట్లకు, 2022-23లో 2,41,275 కోట్లకు పెరిగినది. ఉద్యోగుల సంఖ్య 5.82 లక్షల నుంచి 9.05 లక్షలు దాటినది. ఇంత వృద్ధికి కారణం ఇంటి పనియే అనడం తొందరపాటు అవుతుంది. ప్రపంచమంతా కంప్యూటరు సేవల కోసం ఎగబడిన కాలమది. కాని ఇంటి పని వల్ల పరిశ్రమ కూలిపోతుందన్న భయం నిజం కాలేదని మాత్రం ఈ అంకెలు చెప్పగలవు.

ఉత్పాదకత మాటకు వస్తే, పండితుల పరీక్షలు ఒకే మాట చెప్పడం లేదు. షాంఘైలోని ఒక ప్రయాణ సేవల సంస్థలో 2010-11లో నికొలాస్ బ్లూమ్, ఆయన సహచరులు జరిపిన పరీక్షలో, ఇంట పనిచేసిన టెలిఫోను ఉద్యోగుల పనితీరు 13 శాతం మెరుగైనది. ఉద్యోగం మానేవారి సంఖ్య సగానికి తగ్గినది. కాని అంతే పని చేసినా వారికి పదోన్నతులు తక్కువగా దొరికినవి. మళ్లీ ఎన్నుకొనే అవకాశమివ్వగా సగానికి పైగా తమ చోటు మార్చుకొన్నారు. ఎవరికి నప్పిన చోట వారు చేరినందున లాభం 22 శాతమైనది. మన పొరుగున చెన్నైలో అంకెలు ఎక్కించే గుమస్తా పనిపై జరిపిన పరీక్షలో ఫలితం తలకిందులు: ఇంట పనిచేసినవారి ఉత్పత్తి కార్యాలయంలోని వారి కంటె 18 శాతం తక్కువ. ఆ లోటులో మూడింట రెండు వంతులు మొదటి రోజునుంచే ఉన్నది; తక్కినది, కార్యాలయంలోని వారు పని త్వరగా నేర్చుకొన్నందువల్ల ఏర్పడినది. ఆసియాలోని ఒక పెద్ద ఐ.టి. సంస్థకు చెందిన పదివేల మందికి పైగా ఉద్యోగుల లెక్కలు చూచినవారు, 2020లో పనిగంటలు పెరిగినా ఉత్పత్తి పెరగలేదనీ, గంటకు పని 8 నుంచి 19 శాతం వరకు తగ్గినదనీ తేల్చినారు. ఎడతెగని సమావేశాలకు కాలం పోయి, పెద్దల దగ్గర కూర్చుండి నేర్చుకొనే వేళ తగ్గినది. పిల్లలున్న ఇండ్లలో నష్టం హెచ్చు.

ఈ ఫలితాలు పరస్పర విరుద్ధములా? సాలెవాడ నుంచి చూచినవారికి అట్లా తోచదు. షాంఘై ఉద్యోగికి విడి గది, చేయి తిరిగిన పని ఉన్నవి. చెన్నై గుమస్తా కొత్తగా చేరినవాడు. గది, వెలుతురు, నిశ్శబ్దం, పని నేర్పే మనిషి – సాలె ఇంటిలో కూలి లెక్కకు రాని ఆ పద్దులే ఇవి. అవి అమరిన ఇంట పని సాగుతుంది. అమరని ఇంట కుంటుపడుతుంది. 2024లో ప్రకటితమైన మరొక పరీక్షలో 1,612 మంది ఉద్యోగులలో ఒక భాగం వారానికి రెండు రోజులు ఇంట, మూడు రోజులు కార్యాలయంలో పనిచేయగా, పనితీరులో లోటు కనబడలేదు; ఉద్యోగం మానేవారు మూడవ వంతు తగ్గినారు. నేర్చుకొనే పని కలిసి ఉన్నప్పుడు, ఏకాగ్రత గల పని ఒంటరిగా ఉన్నప్పుడు చేసుకొనే ఈ మిశ్రమ పద్ధతి, పడుగు వీధిలో అందరితో కలిసి సరిచేసి, పేక ఇంటిలో ఒక్కడే నేసుకొన్న పాత ఏర్పాటుకు దూరపు చుట్టమే.

ఆర్థిక వ్యవస్థ దృష్టితో చూచినప్పుడు లాభనష్టాలు చోటు మారడమే ఎక్కువగా కనిపిస్తుంది. ఉద్యోగి ఊరిలో ఉన్నన్నాళ్లు అతని జీతంలో కిరాయి మిగిలినది. పాలు, కూరగాయలు, ఇంటి మరమ్మతు, ఇంటర్నెట్టు ఖర్చు ఊరి బజారుకు వచ్చినది. అదే కాలంలో మాదాపూరు, గచ్చిబౌలి పరిసరాల హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, క్యాబు నడిపేవారు గిరాకీ కోల్పోయినారు. వీరిలో అనేకులు పల్లెల నుంచే పోయినవారు. వారి పని మాత్రం వెంట తెచ్చుకొనేది కాదు. కరెంటు, కుర్చీ, గది ఖర్చు సంస్థ పుస్తకం నుంచి ఇంటి పుస్తకానికి మారినది. వంట, పిల్లలు, ఉద్యోగం మూడూ ఒకే కప్పు కింద పడినప్పుడు ఆ బరువు ఎవరి మీద పడినదో ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఒకనాడు కండెలు చుట్టిన చేతులకు ఖాతాలో చోటు లేనట్లే, ఈనాటి ఈ శ్రమకూ ఎగుమతుల లెక్కలో చోటు లేదు.

తరువాత గాలి మళ్లినది. 2025 నాటికి నాలుగింట ఒక వంతు మంది మాత్రమే కార్యాలయంలో ఉంటే చాలునని 2020లో ప్రకటించిన టి.సి.ఎస్. సంస్థ, 2023 అక్టోబరుకల్లా అందరినీ వారానికి ఐదు రోజులు రమ్మన్నది. ఇతర సంస్థలు కూడా నెలకిన్ని రోజులని నియమాలు పెట్టినవి. పల్లెలకు వచ్చిన పనిలో చాలా భాగం వచ్చిన దారినే పోయినది.

అయితే మూడవ మార్గమొకటి ఈలోగా మొలకెత్తినది. 2020 జనవరిలో వరంగల్లు దగ్గరి మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల కార్యాలయాలు ప్రారంభమైనవి. అదే సంవత్సరం డిసెంబరులో ఖమ్మంలో ఐ.టి. హబ్బు తెరిచినారు. తొర్రూరు ఈ రెంటికీ నడుమ ఉన్నది. ఇల్లూ కాక, దూరపు మహానగరమూ కాక, పొద్దున పోయి సాయంకాలానికి ఇల్లు చేరగల చోట పని ఉంటే, గది, వెలుతురు, పని నేర్పే పెద్దలు కార్యాలయంలో దొరుకుతారు. జీతం మాత్రం ఊరి చుట్టుపట్లనే ఖర్చవుతుంది. ఇది పెద్ద ఎత్తున నిలవాలంటే మేడ కట్టినంత మాత్రాన చాలదు. అందులోకి ఎడతెగక పని వస్తూ ఉండాలి. పదోన్నతి కోసం మళ్లీ హైదరాబాదే పోవాలన్న అవసరం తగ్గాలి.

ఇంట పని మంచిదా, కార్యాలయపు పని మంచిదా అని చరిత్రను అడిగితే అది సూటిగా బదులు చెప్పదు. ఇంటి పనిలో నలిగిన బీడీ కార్మికురాలినీ చూపుతుంది, ఇంటనే పని తేలికైన శారాజిపేట తల్లినీ చూపుతుంది. జీతం, హక్కులు నేర్పిన మిల్లునూ చూపుతుంది, మూతపడి వలస పంపిన మిల్లునూ చూపుతుంది. ఇంతమందిలో బాగుపడినవారు ఎవరని చూస్తే, పనికి కావలసిన ఖర్చూ శ్రమా పద్దులో వ్రాయబడినవారే. రేపు తొర్రూరులో ఒక యువతి ఇంట కూర్చుండి ఉద్యోగం చేసేటట్లయితే, ఆమె గదికి, కరెంటుకు, కుర్చీకి ఎవరు ఖర్చు పెడుతున్నారు, ఆమెకు పని ఎవరు నేర్పుతున్నారు, పదోన్నతి వేళ ఆమె పేరు ఎవరికి గుర్తుంటుంది, సాయంకాలం వంట ఎవరు చేస్తున్నారు అన్న నాలుగు ప్రశ్నలు సంస్థవారూ అడగాలి, ప్రభుత్వమూ అడగాలి, ఇంటివారూ అడగాలి.